వేలానికి వచ్చిన తాబేలు గుడ్లు

డిసెంబరు, మొదటి ఆదివారం. పంట పండుగ. ఆరాధన తరవాత చర్చి ఆవరణలో ఉన్నవాళ్లు: మేమంతా అయ్యగారని పిలిచే పాస్టరుగారు, సంఘ పెద్దలు, మా దీవిలోని చౌల్దారీ పల్లె నుంచి ధాన్యం తెచ్చిన రైతు కుటుంబాలు, సముద్రంలో చేపల వేటకు వెళ్లే ఒక తండ్రి, నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్న అతని కూతురు, నేను.

ఆనాటి నా డైరీలో పేజీ మొదట ఉన్నది ఇంతే.

మా తెలుగు సంఘంలో పంట పండుగకు ఎవరి కష్టంలో తొలిఫలం వాళ్లు తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చింది సంఘానికి జమ చేసేవారు. ధాన్యం, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్లు. సముద్రం మీద బతికేవాళ్లు ఎండుచేపలు తెచ్చేవారు. ఆ ఏడు ఆ అమ్మాయి తండ్రి బుట్టలో తెల్లగుడ్డ పరిచి తాబేలు గుడ్లు తెచ్చాడు.

వానాకాలంలో కూతురికి జ్వరం ముదిరి, అందరూ ఆశ వదులుకున్నారు. పిల్ల బతికితే సముద్రం తనకిచ్చే మంచిది ఏదైనా ప్రభువుకు ఇస్తానని అతను మొక్కుకున్నాడు. పండుగనాటి తెల్లవారుజామున ఇసుకలో తాబేలు పాకిన జాడ కనపడితే, దేవుడే చూపించాడనుకున్నాడు. గుడ్లు తియ్యకూడదన్న చట్టం అప్పటికే వచ్చింది కాని, మా ఊళ్ల దాకా రాలేదు.

నేను హైస్కూల్లో పర్యావరణ పాఠాలు చెప్పేవాణ్ణి. పుస్తకంలో ఎడారి గురించీ గంగా మైదానం గురించీ ఉండేది. మా పిల్లలు ఆ రెండూ ఎరగరు. అందుకని తీరానికి తీసుకుపోయి చెప్పేవాణ్ణి. తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిపోతుందనీ, వాటిని పొదిగేది ఇసుకేననీ అంతకు కొద్దిరోజుల ముందే చెప్పాను.

సంఘ పెద్ద ఒకాయన బుట్ట ఎత్తి వేలం పాట మొదలుపెట్టాడు.

"చలో, చలో! కోడిగుడ్లు రోజూ తింటారు. ఇవి దొరకాలంటే అదృష్టముండాలి! ఎవరు మొదలెడతారు భయ్యా?"

ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"అమ్మొద్దు అయ్యగారూ. వాటిని మళ్లీ ఇసుకలో పెట్టాలి. లోపల పిల్లలుంటాయి."

"అరే, మాస్టారు ఈ పిల్లని తాబేళ్లకి వకీలు చేసేశారు!" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. తండ్రి నవ్వలేదు.

"కూకో అమ్మా. నీ పేనం కోసం ఇచ్చినాను. ఇచ్చినది ఎనక్కి తీసుకుంటే నీకేటవుద్దో."

"ఏమీ అవదు నాన్నా."

"నీకేటి తెలుసు? ఆ రేత్రి నీకు తెలివి లేదు. నాకుంది."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. అయ్యగారు నావైపు చూశారు. నేను వేలం పాడాను. నా మీద ఎవరూ పెంచలేదు. మూడోసారి అనగానే బుట్ట నా చేతికొచ్చింది.

"అర్పణ సంఘానికి చేరింది నాయనా," అన్నారు అయ్యగారు ఆ తండ్రితో.

నేను అతని దగ్గరికి వెళ్లాను. "ఎక్కడ తీశారో చూపిస్తారా?"

"పిల్లలవుతాయా సార్?"

"చెప్పలేను. తీసి చాలాసేపైంది. ఇంతసేపయ్యాక కదిపిన గుడ్లు చాలావరకు పాడైపోతాయి."

"అవి పాడైతే మరి నా మొక్కు?"

నేను సైన్సు మాస్టారిని. తెలియదన్నాను. అతను బుట్టకేసి చూసి, "బస్, చాలు. నడవండి," అన్నాడు.

ముగ్గురం తీరానికి వెళ్లాం. దారి పొడుగునా ఆ అమ్మాయి బుట్ట ఒరగకుండా రెండు చేతులతో పట్టుకుంది. పొద్దున తవ్విన చోటే అతను మళ్లీ తవ్వాడు. ఆమె అందిస్తుంటే ఒక్కొక్కటే లోపల పెట్టి ఇసుక కప్పాడు.

మర్నాడు సోమవారం, మొదటి పీరియడు నాదే. హాజరు పిలుస్తుంటే కిటికీ అవతల అతను కనిపించాడు. వేటకు వెళ్లలేదు.

"ఏం కావాలండీ?"

"ఏటీ లేదు సార్. పిల్లని సూద్దామని."

క్లాసులో కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి తల దించుకుంది. లోపలికి రమ్మన్నాను. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చి, కూతురి నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. తీసి, చెయ్యి తిప్పి, వెనకవైపుతో మళ్లీ చూశాడు. ఆమె కదలకుండా కూర్చుంది.

"సల్లగానే ఉంది సార్," అని నాతో చెప్పి, పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.