తెబికె చాప

కొరినాను ఆర్టిస్టు అని పిలిచేవాళ్లు అబయాంగ్ దీవి మొత్తమ్మీద ఎవరూ లేరు. సముద్రం అవతల సూవా పట్నంలో కళాప్రదర్శనలు పెడుతూ, అక్కణ్నుంచి ఉత్తరాలు రాసే మెరెయోనీ ఒక్కతే అలా పిలుస్తుంది. ఊళ్లోవాళ్లకు ఆమె పనీపాటా లేని కొరినా. నలభై దాటాయి, పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోతుంది, ఎవరి దగ్గరా జీతానికి కుదరదు. వాళ్లను అనీ లాభం లేదు. మునిగిపోయిన తెబికె ఊళ్లో మిగిలిన కొబ్బరి మోళ్ల మీద, ఏ చెట్టు ఎవరిదో ఆ పేర్లు రంగుతో రాస్తానని బయల్దేరింది. సముద్రపు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడల్లా పరుగెత్తుకెళ్లి రాసింది. నెల తిరక్కుండా ఉప్పు ఆ రంగంతా నాకేసింది. తరవాత ముసలివాళ్ల జ్ఞాపకాలు ఫోనులోకి ఎక్కించింది. ఉప్పుగాలికి ఆ ఫోనూ చచ్చింది. సముద్రం నీ మీద పగబట్టినట్టుంది, పోనీ వంటైనా నేర్చుకో అని తల్లి రుయీతా దెప్పిపొడిచింది.

తెబికె వాళ్ల పాత ఊరు. కొరినాకు తొమ్మిదేళ్లప్పుడు ఊరంతా ఇళ్లు విప్పుకుని దీవి లోపలికి జరిగింది. ఇప్పుడక్కడ దుంపలు పెంచిన గుంటల్లో చేపలు తిరుగుతుంటాయి. అలలు వచ్చినప్పుడల్లా ఇంకొంచెం ఇసుక కొట్టుకుపోతుంది.

మూడోసారి కొరినా చాప మొదలుపెట్టింది. మొగలి ఆకులు కోసి, ముళ్లు తీసి, ఎండబెట్టి, మెత్తబడేదాకా దంచి, సన్నగా చీల్చి, రెండేళ్లు నేసింది. తెల్ల ఆకు ఇసుక, నల్ల ఆకు ఇళ్లు, గోధుమరంగు ఆకు దారులు. ఇల్లూ బావీ సమావేశాల పాకా చర్చీ, ఏది ఎక్కడుండేదో అక్కడే. పది అడుగుల పొడవున తెబికె మళ్లీ లేచి కూర్చుంది. రంగులాగా ఇది కొట్టుకుపోదు, ఫోనులాగా ఇది చావదు, నిజమే మరి.

ఏ ఇల్లు ఎక్కడుండేదో తొమ్మిదేళ్ల పిల్లకేం తెలుస్తుంది? అందుకని ముసలివాళ్లందరినీ పిలిచి చూపించేది. అందరికంటే ఎక్కువ పీక్కుతిన్నవాడు బకోవా, ఆమె మేనత్త రాకేరా మొగుడు. ఒకరోజు చాప మీద చతికిలబడి, బావి ఇక్కడ కాదు, ఇంకా ఇటు అన్నాడు.

"మావయ్యా, అది జరపాలంటే నలభై రోజుల నేత విప్పాలి."

"విప్పు. బావి దాని చోట అది ఉంది. తప్పు నీది."

తిట్టుకుంటూనే విప్పింది.

ఇలా అందరికీ చూపించడం రుయీతాకు బొత్తిగా నచ్చలేదు. ఈ దీవుల్లో కొత్త వస్తువు ఎవరూ నలుగురి ముందూ పెట్టరు. చుట్టం వచ్చి "బుబూసి" అన్నాడంటే, అంటే 'నోరు తెరిచి అడుగుతున్నాను' అన్నాడంటే, పందయినా పడవైనా ఇచ్చి తీరాల్సిందే. కాదన్నవాళ్ల పేరు మనవల కాలందాకా కంపు కొడుతుంది. ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడవకు అంది రుయీతా.

కొరినా మాత్రం తక్కువ తిన్నదా? ఒకరికి మాటిచ్చిన వస్తువును ఇంకొకరు అడిగినా ఇవ్వక్కర్లేదు. అందుకని మెరెయోనీ చేత ముందే ఉత్తరం రాయించుకుంది, ఆ చాప నాకు బుబూసి అని. సూవాలో పెద్ద హాలు, గోడ మీద చాప, పక్కన కొరినా పేరు. తనను ఎరగనివాళ్లు తన పేరు చదవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది. అది తప్పేం కాదు. గురువారం పడవకు చాప వెళ్లాలి.

సోమవారం బకోవా పోయాడు. పొద్దున చేపలు తెచ్చి, గట్టు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయాడు.

మంగళవారం ఉదయం రాకేరా వచ్చింది. శవం దగ్గర కూర్చోవలసిన మనిషి లేచి రావడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. కొరినా ఇచ్చిన నీళ్లు ముట్టుకోలేదు.

"బుబూసి, కొరినా. ఆ చాప నాకియ్యి."

"అత్తా, సూవావాళ్లు ముందే అడిగారు..."

"తెలుసు. మీ అమ్మ చెప్పింది. నువ్వు కాదన్నా ఎవరూ నిన్నేమీ అనరు, నేనూ అనను. తనని తెబికెలో పాతిపెట్టమన్నాడే మీ మావయ్య. అక్కడ గొయ్యి తవ్వితే నీళ్లు. ఈ చాపలో తప్ప ఇంకెక్కడ పెట్టను చెప్పు?"

కొరినాకు ఒళ్లు మండిపోయింది. పోయినవాడి మీద, ఈ అడుగుడు మీద, ఉత్తరం రాయించిన తన తెలివి మీద కూడా మండింది. తీసుకుపో అని మొహం తిప్పుకుని చెప్పి, ఇంటి వెనక్కి పోయి వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె మంచిమనసుతో ఇచ్చిందని తరవాత ఊరంతా చెప్పుకున్నారు గానీ అది అబద్ధం. కాదనలేక ఇచ్చింది.

చాపలో నేసిన తన ఇంటి దగ్గర తల వచ్చేలా బకోవాను పడుకోబెట్టి చుట్టారు. ఇసుక కప్పారు. చాప రాదని కొరినా రాస్తే మెరెయోనీ బాధపడుతూ జవాబు రాసింది. ఆ గోడ వేరే ఎవరికో ఇచ్చారట, మళ్లీ ప్రదర్శన మూడేళ్లకట.

పదిరోజులు కాకుండానే మొదటి ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు, చంకలో మొగలి ఆకుల కట్టతో. బుబూసి అన్నాడు. తను పోయినప్పుడు తననీ తెబికెలోనే పెట్టాలట. తరవాత ఇంకో ఇద్దరు, ఆ మర్నాడు అయిదుగురు. ప్రతివాడికీ తన ఇల్లు చాప నడిమధ్యకు రావాలి. పాత ఊరి ముసలివాళ్లు తొమ్మిదిమందే మిగిలారు. ఎనిమిదిమంది అడిగేశారు. ఎన్నేళ్లు నేస్తే తెములుతుంది? నేసిన ప్రతిదీ గోతిలోకే కదా?

"నేనేం శవాల చాపలు నేసేదాన్నా?" అని తల్లి మీద విరుచుకుపడింది.

నేను ముందే చెప్పానా అంటుందనుకుంది. రుయీతా లేచింది. లోపలికి వెళ్లి, దంచి చుట్టిపెట్టిన ఆకు తెచ్చి కూతురి ముందు పెట్టింది. అది ఎన్నాళ్లనుంచి దంచిపెట్టిందో మరి, పట్టులాగా మెత్తగా ఉంది.

"నాది అందరి తరవాత నెయ్యి. తొందరేం లేదు. మనింటి ముందు మీ నాన్న పడవ కూడా పెట్టు."

"ఏం పడవ?"

"నీకు గుర్తుండదులే. సగం కట్టాడు, అంతలో పోయాడు. ఊరు జరిగినప్పుడు మోసుకురావడానికి మగవాళ్లు చాల్లేదు, అక్కడే వదిలేశాం."

"ఇన్నాళ్లూ ఒక్కమాటైనా చెప్పలేదేమే అమ్మా?"

"అందర్నీ పిలిచి అడిగావు. నన్నెప్పుడు అడిగావు?"

ఆ పెద్ద చాపలో తమ ఇల్లు ఒక నల్లటి చదరం, అంతే. దాని ముందంతా ఉత్త ఇసుకే నేసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కొరినా ఆకు చుట్ట విప్పి, ఒక పాయ చీల్చి పట్టుకుంది.

"ఎటు తిరిగి ఉండేది పడవ?"

"సముద్రం వైపే," అంది రుయీతా, వచ్చి పక్కన కూర్చుంటూ.