సన్నిబాబు మావయ్య నడుము మూట

వేడినీ చలినీ తన చేతిలో ఉంచుకున్న దేవునికి స్తోత్రం. పనికోసం వలసవచ్చిన, ఏడాది పొడవునా ఉక్కపోసే ఈ దీవిలో, చలితోనే నాకు బుద్ధి చెప్పిన ఆయన నామానికి మహిమ. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకపై చెప్పబోయేదాంట్లో నేను చేసిన మెచ్చుకోదగ్గ పని ఒక్కటీ లేదు.

మొన్న కోల్డ్ స్టోర్ తలుపు జరగ్గానే తెల్లటి చలి పొగలా వచ్చి కాళ్ళమీదికి పాకింది. గడ్డకట్టిన అట్టపెట్టెల వాసన, ఎవరి జాకెట్టులోంచో తడి వాసన. నా చెయ్యి దానంతటదే పొట్ట దగ్గరికి పోయింది. అక్కడ చొక్కా లోపల, గుడ్డలో చుట్టి కట్టుకున్న పొడి బనీను వెచ్చగా తగిలింది. అది అలా కట్టుకోవడం నేర్పిన మనిషిని నేను చాలాకాలం దొంగను చూసినట్టు చూశాను.

ఆయన పేరు సన్నిబాబు. అందరం మావయ్యా అనేవాళ్ళం. కోల్డ్ స్టోర్లలో ఇనుప ర్యాకులు బిగించే పనిలో మేం ఆరుగురం. మైనస్ ఇరవై డిగ్రీల గదుల్లో పని. నేను కోనసీమవాణ్ణి, చలి ఎరగనివాణ్ణి. ఆయనది లంబసింగి దాటాక కొండమీద ఒక చిన్న ఊరు. వయసులో ఉండగా తండ్రితో, తమ్ముడితో కలిసి మంచులో అడవిపందుల వేటకు పోయేవాడట. అది వినగానే నా మనసు ముడుచుకుంది. మా నాన్న సంఘకాపరి. నేను ఆదివారం బడిలో వాక్యం కంఠస్థం చేస్తూ పెరిగాను. ఎవరిలో ఏ పాత మొక్కుల బుద్ధి మిగిలిందో కనిపెట్టడం కూడా భక్తే అనుకునేవాణ్ణి.

మొదటిరోజే ఆయన తీరు నాకు వింతగా తోచింది. బయట ఎండలో లారీ మీంచి ఇనుప కమ్మీలు దింపుతుంటే నేను జాకెట్టు మెడదాకా బిగించుకుని ఉన్నాను. ఆయన ఉత్త చొక్కా మీద, గుండీలు విప్పుకుని ఉన్నాడు.

"ఏటిరా దాసూ, పెళ్ళికొడుకునాగ అన్నీ తొడిగీసినావు?"

"లోపల మైనస్ ఇరవై మావయ్యా. నీకు తెలీదా?"

"బరువు మోసినంతసేపూ ఇప్పి ఉంచు. కూకున్నప్పుడు తొడుక్కో. మనిషిని సంపేది సలి కాదురా, సెమట."

మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. పందుల్ని తరిమినవాడు నాకు పాఠం చెప్పడమేమిటి అనుకున్నాను.

తర్వాత ఇంకొకటి గమనించాను. గదిలోకి వెళ్ళేముందు ఆయన గోడవైపు తిరిగి, చొక్కాలో చెయ్యి పెట్టి నడుము దగ్గర ఏదో తడుముకునేవాడు. అక్కడ చిన్న మూట ఉన్నట్టు ఉబ్బుగా కనబడేది. బయటికి వచ్చాక మా అందరివైపూ తిరిగి పెదాలు కదిపేవాడు. మాట వినబడేది కాదు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, ప్రతిసారీ. లారీలో ఎదుటి బల్ల మీద కూర్చుని నేను ఆయన నడుమువైపే చూసేవాణ్ణి. కొండదేవతకు మొక్కి తెచ్చిన మొలతాడో, తాయెత్తో. అది ఏమిటని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడని నా నమ్మకం.

ఆయన ఏడాదిగా ఈ దీవిలోనే సెరంగూన్ పేటలో మా తెలుగు సంఘం అద్దెకు తీసుకునే హాలుకు వస్తూ వెనక వరసలో కూర్చునేవాడు. పని పర్మిట్టు అయిపోవస్తోందనగా బాప్తిస్మం కావాలని మా సంఘకాపరి అయ్యగారిని అడిగాడు. "మా కొండమీద సంఘం నేదు అయ్యగారూ. ఎళ్ళిపోయేలోపు మునగాల," అన్నాడు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం కోరినవాడితో కలిసి పనిచేసేవాడో, కలిసి ఉండేవాడో కాపరి ముందు అతని నడతకు సాక్ష్యం చెప్పాలి. సాక్షిగా ఎవరిని పిలవమంటావని అడిగితే, ఆయన నా పేరు చెప్పాడు.

అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. నేను చెప్పాను. "నడుముకు ఏదో కట్టుకుంటాడండి. తలుపు దగ్గర దాన్ని ముట్టుకుంటాడు. మంత్రంలా గొణుగుతాడు."

"చూశావా, అనుకుంటున్నావా?"

"చూశానండి."

చూసిన మాట నిజమే. నేనేం చెప్పానో ఆయనకు తెలియనివ్వొద్దని కూడా కోరాను. అయ్యగారు ఆయనతో "ఇంకొన్నాళ్ళు ఆగుదాం సన్నిబాబూ" అన్నారంతే. ఆ ఆదివారం పాసిర్ రిస్ తీరంలో నలుగురు సముద్రంలో మునిగారు. సన్నిబాబు మావయ్య ఒడ్డున నిలబడి, వాళ్ళ తువాళ్ళు తడవకుండా గుండెకు హత్తుకుని, ఒక్కొక్కరు వచ్చేకొద్దీ అందించాడు. తనమీద నేనేం చెప్పానో కనిపెట్టాడేమోనని ఆయన కళ్ళలోకి చూశాను. ఏమీ దొరకలేదు. అదీ నాకు అనుమానంగానే తోచింది.

రెండు రోజుల తర్వాత, మంగళవారం, బయట కమ్మీలు మోసి చెమటతో తడిసి ముద్దయి అలాగే లోపలికి వెళ్ళాను. చివరి వరస వెనక బోల్టులు బిగిస్తుంటే వణుకు పుట్టింది. కాసేపటికి వణుకు ఆగిపోయింది. హాయిగా అనిపించింది. ఒక పెట్టెమీద కూర్చున్నాను. బయట మా మలయ్ సూపర్‌వైజర్ "మకాన్, మకాన్ లా" అని అన్నానికి పిలవడం వినబడింది గాని, లేవాలనిపించలేదు. ఉక్కగా ఉందని జాకెట్టు జిప్పు లాగేశాను.

తర్వాత నా చెంపమీద దెబ్బ. ఎదురుగా సన్నిబాబు మావయ్య. నన్ను బయటికి ఈడ్చుకొచ్చి, తడి బనీను ఊడబీకి, తన నడుముకున్న మూట విప్పాడు. అందులో దేవతా లేదు, తాయెత్తూ లేదు. ఒక పొడి బనీను, ఒక మేజోళ్ళ జత. ఆయన ఒంటివేడికి రొట్టెలా వెచ్చగా ఉన్నాయి. అవి నాకు తొడిగాడు.

నా ఒళ్ళు కాస్త కుదుటపడ్డాక చెప్పాడు. ఒకసారి వేటకు కొండెక్కేటప్పుడు ఆయన తమ్ముడు గొంగడి తియ్యలేదట. చెమటపట్టిన ఒంటితో పొదలో మాటువేసి కూర్చున్నాడట. వేట ముగిసి అందరూ పందిని మోసుకుంటూ దిగిపోయారు. సగం దారిలో గాని ఒకడు తక్కువన్న సంగతి తెలియలేదు. వెనక్కి వెళ్ళేసరికి తమ్ముడు చొక్కా విప్పేసి, రాతికి ఆనుకుని ఉన్నాడు. ఊపిరి లేదు.

"సలి ముదిరితే ఏడిగా ఉంటాదిరా. అప్పుడు మనిషి తనే ఇప్పీసుకుంటాడు. ఆ రోజు మేం లెక్కెట్టుకోలేదు. ఇయ్యాల లెక్కెడితే ఐదుగురే తేలారు."

ఆయన పెదాలు కదిపింది మమ్మల్ని లెక్కపెట్టడానికి. నేను ఏడ్చాను. సాక్ష్యం ఏం చెప్పానో ఒప్పుకున్నాను. ఆయన నా మేజోళ్ళు సరిచేస్తూనే ఉన్నాడు.

"సూసింది సూసినట్టే సెప్పినావు. అదేటని నన్నోపాలి అడగొచ్చు గదరా."

అప్పుడే అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన కూడికల కోసం మలేషియా వెళ్ళారు, ఆదివారం గాని రారు. మావయ్య విమానం శుక్రవారం. గురువారం సాయంత్రం పెట్టె కట్టుకుంటుంటే ఆయన ఎదుట నిలబడలేక తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆయనే పిలిచాడు.

"అలాగ సావకురా. మా కొండకాడ గెడ్డ పారతాది. సలికాలం దాని నీళ్ళు ఎముకలు కొరికేస్తాయి. మునిగొచ్చినోణ్ణి ఎలాగ ఎచ్చబెట్టాలో నాకు ఎరికే. దేవుడు అక్కడికి రాడా ఏటి?"

ఆయన ఇచ్చిన నంబరు కొన్ని నెలలు మోగింది, తర్వాత మోగడం మానేసింది. ఆ గెడ్డలో ఆయన్ని ముంచడానికి ఎవరైనా కొండెక్కి వెళ్ళారో లేదో నాకు తెలియదు. ఇప్పుడు జట్టుకు నేనే పెద్దను. ఎవరిమీదైనా అనుమానం కలిగితే, అది నాకిప్పటికీ తొందరగానే కలుగుతుంది, చెయ్యి నడుము మూటమీదికి పోతుంది. వెళ్ళి ఆ మనిషినే అడుగుతాను. తలుపు మూసేముందు అందరినీ లెక్కపెడతాను. ఆరుగురూ బయట ఉన్నా, ఇంకొకరు రావలసి ఉన్నట్టే కాసేపు నిలబడతాను.

చదువుతున్నవారలారా, ఆయన్ని మీరు చూడలేదు. అయినా నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. ప్రభువా, నా నోటిమాటవల్ల ఒడ్డున ఆగిపోయిన సన్నిబాబును నీ లెక్కలో తప్పిపోనియ్యకు. ఆయన నీళ్ళలోంచి లేచిన రోజున, పొడి తువాలు పట్టుకుని ఎవరో ఒకరు ఒడ్డున ఉండేలా చెయ్యి. ఆమెన్.