ఫ్రిజ్జుకు సెలైన్ ఎక్కించిన కథ

మూడు కిలోల పొట్టేలు మాంసం, నాలుగు సీసాల పాలు, గిన్నెడు పెరుగు, వీధి చివర కొట్టు నడిపే కోయాతో ఎనిమిదేళ్ల స్నేహం, "లెక్కల మనిషి" అన్న పేరు. సీలింగుకు ఒక్క ప్లగ్ పాయింటు బిగించి నేను పోగొట్టినవి ఇవీ. మనుషులెవరూ పోలేదు. అది నా తెలివి కాదు, వాళ్ల అదృష్టం.

అప్పట్లో గల్ఫ్‌కు పనికొచ్చి, అబ్బాసియాలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. వయసులో పెద్దవాణ్ని, కూడికలు తప్పనివాణ్ని కాబట్టి మెస్ మేనేజర్ పదవి నాది. పదవి వచ్చాక చట్టం చేయకుండా ఉండగలమా? తలుపు పక్కన కాగితం అంటించాను: "బయటికి వెళ్లేటప్పుడు, పడుకునేటప్పుడు ఇక్కడి మూడు స్విచ్‌లూ ఆర్పవలెను. తప్పినచో ఒక పూట వంట అదనం." కరెంటు బిల్లు కట్టేది బిల్డింగు యజమానే. అయితేనేం, పొదుపు నాది!

గదిలో ప్లగ్ పాయింట్లు రెండే. ఒకటి ఏసీది. రెండోదానికి ఫ్రిజ్జూ, ఆరు ఫోన్లూ. ఛార్జింగు కోసం రోజూ తగవే. ఒక సోమవారం సాయంత్రం పైకి చూశాను. గోడకు ట్యూబ్‌లైట్ ఉండగా సీలింగు మధ్యలో ఇంకో లైటెందుకు, దండగ! కరెంటు పని నాకెవరూ నేర్పలేదు. ఫ్రిజ్జు ఎంత లాగుతుంది, వైరు ఎంత మోస్తుంది అని కాగితం మీద లెక్క వేశాను. మూడుసార్లు వేసినా సరిపోయింది. మెయిన్ ఆపి, మంచం మీద బల్ల, బల్ల మీద నేను ఎక్కి, లైటు పెట్టె ఊడదీసి అక్కడ పాయింటు బిగించాను. దాన్నుంచి పొడుగు వైరు ఫ్రిజ్జుకు దించాను.

మా గదిలోని కడప రెడ్డెయ్య పని నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందన్నా ఇది? ఫ్రిజ్జుకు జరమొచ్చినాదా? గ్లూకోజు ఎక్కిస్తాండావు!"

"దానికిప్పుడు సొంత లైను."

"బతుకుతాదా?"

"నీకంటే ఎక్కువ కాలం!"

ఆ రాత్రి లైట్లు ఆర్పాక గది ఎంత ప్రశాంతంగా ఉందో! "విన్నారా? సొంత లైను ఇచ్చేసరికి గురక కూడా మానేసింది," అని మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

మంగళవారం పాలు విరిగాయి. కోయాను నిలదీశాను. బుధవారం మళ్లీ విరిగాయి. "భాయ్, పహలే అప్నా ఫ్రిజ్ దేఖో!" అన్నాడు. ముందు నా ఫ్రిజ్జు చూసుకోవాలట! నా ఫ్రిజ్జును అంటాడా? ఆ సీసా అతని బల్ల మీద కుదేసి, ఇక నీ కొట్టు గడప తొక్కనని చెప్పి వచ్చేశాను.

ఆ సాయంత్రమే రెడ్డెయ్య మాంసం తెచ్చి ఫ్రీజర్లో పెట్టి, ఎవరూ ముట్టకుండా టేపు వేశాడు. అతని భార్య లక్ష్మీదేవి ఫింటాస్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలు, అక్కడి మాటలో 'మామా', నెలకు ఒక్క శుక్రవారం సెలవిచ్చేది. ఆ ఒక్క పూట మొగుడు చేసిన సంగటి, మాంసం కోసం ఆమె నెలంతా ఎదురుచూసేది.

శుక్రవారం పొద్దున రెడ్డెయ్య బస్టాపుకు, మిగతావాళ్లం ప్రార్థనకు బయల్దేరాం. చట్టప్రకారం స్విచ్‌లు ఆర్పాం. తిరిగొచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. లోపల చీకటి. లక్ష్మీదేవి చేయి చాపి మూడు స్విచ్‌లూ వేసింది.

ఫ్రిజ్జు ఒళ్లు విదిల్చుకుని గుర్రుమంది.

"ఏందయ్యా, లైటేస్తే ఫ్రిజ్జు దగ్గతాంది?"

స్విచ్‌లు ఆర్పింది. దగ్గు ఆగింది. వేసింది. మళ్లీ దగ్గింది. సీలింగు లైటు తీశాను గానీ, దాని స్విచ్ తలుపు పక్కనే ఉందన్న సంగతి నా మూడు లెక్కల్లో ఎక్కడా లేదు. స్విచ్‌లు ఆర్పిన ప్రతిసారీ ఫ్రిజ్జు ప్రాణం తీశామన్నమాట!

రెడ్డెయ్య టేపు పీకాడు. చూడనవసరం లేదు, వాసనే చెప్పింది.

"నెలకొక్క శుక్రవారమే నాకు," అంది లక్ష్మీదేవి. తిట్టినా బాగుండేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడమీది కాగితం చదివింది. "ఇది రాసినోళ్లెవురు?"

ఐదు వేళ్లు నావైపు తిరిగాయి.

రెడ్డెయ్య తీర్పు చెప్పాడు: "నీ మాట విని ఎనిమిది తూర్లు ఆర్పినాం. తూరికి మనిషికొక పూట, ఐదుమందికి. ముప్పై ఆరు వంటలు నీమీద."

"నలభై," అన్నాను. తప్పు లెక్క వింటే నా నోరు ఆగదు.

"ఆ నలభై నా శుక్రవారాల్లోనే జరగాల," అంది లక్ష్మీదేవి.

ఆ మధ్యాహ్నం గుడ్ల పులుసు పెట్టి, సంగటి నేనే కెలికాను. ఉండలు కట్టింది. ఆ పూట లెక్కలోకి రాదన్నారు.

ఆరోజే గోడ వైపు నిలబడి ప్రమాణం చేశాను: నా తలకంటే ఎత్తున ఉన్న దేన్నీ ఇక ముట్టను, బల్బు మాడితే చీకట్లోనే భోంచేస్తాను. మాట మీదే ఉన్నాను. సంగటి కూడా ఇప్పుడు ఉండలు కట్టడం లేదు.

ఇంకా బాకీ: పదిహేడు.