మా మామ అడిగిన వన్స్ మోర్

నా చిన్నప్పుడు ఆ కబురు ముందుగా మోసుకొచ్చింది పక్కింటి అక్క. రాజకుమార్తె వేషం కట్టే ఆయనకు గొంతు పూడిపోయిందని, ఆ వేషానికి మా మామ నన్ను అడుగుతున్నాడని వాకిట్లో నుంచే చెప్పేసింది. అమ్మ పొంగిపోయింది. నాయన మాత్రం ముఖం ముడుచుకున్నాడు.

మామ అంటే అమ్మకు అన్న. బద్వేలు చుట్టుపక్కల పద్యనాటకమంటే ఆయనే. వయసులో రాణి వేషాలు కట్టాడు. గొంతు ముదిరాక రాజు వేషాలకు మారాడు. ఆ తర్వాత హార్మోనియం పెట్టె బస్సు మీద వేసుకుని, కడప, కర్నూలు పల్లెల్లో సేద్యం చేసుకునేవాళ్లకు నాటకాలు నేర్పుతూ తిరిగాడు. అందరూ కలిసి దేవుడికి దండం పెట్టుకోనిదే ఎవరినీ ముఖానికి రంగు పూసుకోనిచ్చేవాడు కాదు.

నేను బడికి పోలేదు. అక్షరాలైనా పద్యాలైనా అమ్మ పొయ్యి ముందు కూర్చోబెట్టి నేర్పినవే. నలుగురిలో నవ్వులపాలవుతానని నాయనకు భయం. చివరికి ఒప్పుకున్నాడు గానీ, "నడిమధ్యలో నిలిచిపోయినావంటే ఇంగ ఇంట్లో పాట మాట ఎత్తొద్దు పాపా" అన్నాడు. నాకేమో పాటే ప్రాణం.

నాటకం రోజు నా పద్యంలో మొదటి రెండు పాదాలు బాగానే పాడాను. మూడోది రాలేదు. ఎదురుగా జనం, ముందు వరుసలో నాయన. హార్మోనియం ఆయన పాపం శ్రుతి వదలకుండా పట్టుకునే ఉన్నాడు. అంతవరకూ తెర పక్కన నిలబడి ఉన్న మామ కోసం చూస్తే ఆయన అక్కడ లేడు. ఇంతలో ఆడవాళ్ల వెనక నుంచి ఒక గొంతు "వన్స్ మోర్" అంది. మా వైపు ఒకరు అడిగితే అందరూ అడగాల్సిందే. ఈలలు, చప్పట్లు. సగం పద్యానికి వన్స్ మోర్ ఏమిటని ఒక్కరికీ తోచలేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఈసారి ఆ మూడో పాదం దేవుడు పక్కన నిలబడి అందించినట్టే వచ్చింది.

రంగు తుడుచుకుంటూ, అరిచింది నువ్వేనా అని మామను అడిగాను. ఆయన నవ్వాడు.

"నేను రాణి వేషం కట్టిన కొత్తల్లో నాకూ ఇట్లనే నోరు పడిపాయ. మా గురువు జనంలోకి పోయి అరిసినాడు. నువ్వు మరిసిపోయింది మన ఇద్దరికే తెలుసు. వాళ్లకు శానా బాగుండాదని తెలుసు, సాల్లే."

ఇంటికొచ్చే దారిలో నాయన, ఆ పద్యం ఇంకోసారి పాడమని మెల్లగా అడిగాడు.

ఇప్పుడు మా మనవరాలు పాఠం అప్పజెప్తూ తడబడితే నేను తప్పు అనను. బాగుంది, నాకోసం మళ్లీ మొదటి నుంచి చెప్పమంటాను. ముఖం విప్పార్చుకుని చెప్తుంది. ఆ విద్య నాకిచ్చిన మనిషి ఇప్పుడు లేడు. ఆయన్ను మాకిచ్చిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఇంతమందిని రంగస్థలం ఎక్కించి, తాను జనంలో ఒకడిగా నిలబడిన మా మామను మీరూ ఒక్కసారి తలుచుకోండి.