భోజన్న మోకాళ్ళు

సౌదీలోని యాన్బులో మా క్యాంపు సైకిళ్ళన్నిటిలోకీ పాతది భోజన్నది. గల్ఫుకు రాకముందు ఆయన జగిత్యాల చుట్టుపక్కల సైకిలు మీద స్టీలు గిన్నెలు కట్టుకుని తిరిగి, పాత బట్టలకు ఇచ్చేవాడు. ఇక్కడ పద్దెనిమిదేళ్ళుగా పైపు ఫిట్టరు. వయసు యాభై రెండు. అడిగితే నలభై ఎనిమిదంటాడు.

పరదేశి పనివాళ్ళకు తలకింతని కంపెనీలు కట్టే లెవీని సర్కారు పెంచిన ఏడు, కంపెనీ మా సైటు నుంచి ఆరుగురిని ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపమంది. జాబితా రాసింది ఆఫీసు క్లర్కు స్వామి. అతనిదీ భోజన్న మండలమే. అయినా భోజన్న పేరు పక్కన "మోకాళ్ళు పనికిరావు" అని రాశాడు.

"నా మోకాళ్ళు నువ్వెప్పుడు జూసినవ్‌రా?"

"ఏం జెయ్యాలె కాకా, ఆరుగురు గావాలన్నరు. ఏదో ఒకటి రాయాలె గదా."

భోజన్న తిట్టలేదు. శుక్రవారం కోసం ఆగాడు.

శుక్రవారం పొద్దున్నే మా ముదీర్, అంటే మేనేజరు, సముద్రపు ఒడ్డున మడ అడవి పక్క కంకర బాట మీద సైకిలు తొక్కుతాడు. ఎత్తూ పల్లమూ లేని బాట, పిల్లలైనా తొక్కగలరు. ఆయన మెప్పు కోసం స్వామి కూడా గేర్ల సైకిలు కొని వెంట పోతుంటాడు. ఆ వారం భోజన్న పిలవకుండానే వెంటబడ్డాడు. తమాషా చూద్దామని నేనూ ఆయన క్యారియర్ ఎక్కాను.

ముదీర్ ముందుకు పోయాడు. భోజన్న స్వామి పక్కనే చేరి, మడ చెట్లలో కొంగలను చూపిస్తూ, అడుగడుగునా ప్రేమగా అడగసాగాడు.

"మోకాళ్ళు నొస్తున్నయా బిడ్డా?"

"లేదు కాకా."

"ఊపిరాడుతున్నదా?"

స్వామి పంతంకొద్దీ జోరు పెంచాడు. ఆరో కిలోమీటరు దగ్గర ఎదురుగాలి తగిలేసరికి దిగి, కంకరలోనే చతికిలబడ్డాడు.

"అయ్యో, పనికిరాకుండ వోయినయా? ఎక్కు."

భోజన్న అతన్ని క్యారియర్ మీద కూర్చోబెట్టి, గిన్నెల మూటలా తువ్వాలతో తన నడుముకు కట్టుకున్నాడు. దారంతా గంట కొడుతూ, "స్టీలు సామాన్లో!" అని కేకలు పెట్టాడు. గేర్ల సైకిలును నేను ఒంటిచేత్తో తొక్కుతూ, నవ్వు ఆపుకోలేక ఫోటోలు తీశాను.

బాట చివర కారు దగ్గర నిలబడ్డ ముదీర్ ఆ ఊరేగింపు చూశాడు. "ఘుట్నా కిస్కా ఖరాబ్?" అని, చెడిన మోకాళ్ళు ఎవరివని స్వామిని హిందీలో అడిగాడు. స్వామి తువ్వాల ముడి విప్పుకోసాగాడు.

ఆదివారం ఆఫీసు తెరవగానే భోజన్న పేరు కొట్టేశారు. అప్పటికే ఆ ఫోటో మెస్సులో అందరికీ చూపించి, రెండోసారి కూడా చూపించాను. కానీ కంపెనీకి ఆరుగురు ఆరుగురే. సాయంత్రం కొత్త జాబితా మెస్సు గోడకు అంటించారు. ఆరో పేరు నాది. పక్కన స్వామి రాతలోనే, "చూపు తక్కువ."

భోజన్న నాచేత చదివించుకుని విన్నాడు.

"వచ్చే శుక్రవారం మళ్ళ ఎక్కియ్యాల్నా వాణ్ణి?"

నా పేరు కొట్టేస్తే ఎవరి పేరు పడుతుందోనని చుట్టూ చూశాను. మా గదిలో ఉండే జిలానీ తలొంచుకుని రొట్టె పప్పులో ముంచుతున్నాడు.

"వద్దన్నా. నేనే పోత."

భోజన్న తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"నువ్వు పోతె పో తమ్మీ. వాణ్ణి మాత్రం నేనిడువ."