టేకు మీద పసుపు

పుస్తకాల బీరువాను కూడా ఆర్కిటెక్టు గీస్తాడని నాకు న్యూజిలాండ్‌లోని ఈ ఇన్వర్‌కార్గిల్‌ ఊరికి వచ్చాకే తెలిసింది. మేముంటున్న ఇంటిని చూస్తే దాన్ని ఎవరైనా గీశారన్న అనుమానమే కలగదు.

బీరువాలు జత. ఎవరో ఆర్కిటెక్టు గీస్తే డెన్మార్క్‌లో చేసినవి, అచ్చమైన టేకు, వయసులో నాకంటే పెద్దవి. అమ్ముతున్నది ఊరికి అవతలి చివరనుండే ఓ ముసలాయన. చిన్న ఇంటికి మారుతున్నాడు. ఆయన పట్టింపు ధర విషయంలో కాదు, కొనే మనుషుల విషయంలో.

"ముందు ఒకటి తీసుకెళ్ళండి. నెల పోయాక వచ్చి చూస్తాను. ఎలా ఉంచారో నచ్చితే రెండోదీ మీదే," అన్నాడు.

పిల్లనిచ్చినవాళ్ళు కూడా నన్ను ఇంత పరీక్షించలేదు. హీటర్‌కు దూరంగా ఉంచమన్నాడు, తడిగుడ్డ తగలనివ్వొద్దన్నాడు. అన్నిటికీ తలూపాను. నా పుస్తకాలు సగం ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నాకు రెండూ కావాలి.

బీరువాను గోడకు చేర్చి, అద్దెకు తెచ్చిన ట్రెయిలర్ తిరిగి ఇచ్చి వచ్చేసరికి మా ఆవిడ దాని నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేసింది. ఇంతకుముందు ఫ్రిజ్‌కీ కారుకీ జరిగిన మర్యాదే.

"ఏంటిది?"

"కొత్త వస్తువు కదండీ."

"అది అరవై ఏళ్ళది!"

"మనింటికి కొత్తేగా."

ఆ టేకుకు వార్నిష్ లేదు, నూనె పట్టించారంతే. పసుపు హాయిగా ఇంకిపోయింది.

ముసలాయన వస్తానన్న శనివారం పొద్దున, ఆవిడ స్నానానికి వెళ్ళడం చూసి, గిన్నెలు తోమే పీచూ లిక్విడూ పట్టుకుని కింది మూల నుంచి పసుపు వదిలించడం మొదలుపెట్టాను. నేను ఇంజినీరింగ్ చదివాను. పది నిమిషాల తర్వాత పసుపు అలాగే ఉంది, టేకు రంగు పోయింది. అరచేయంత మేర తెల్లబడింది.

"అయ్యో, ఇదేం పనండీ! బట్ట మీద పడితేనే వదలదు, చెక్కనెందుకు వదుల్తుంది?"

"ముందే చెప్పొచ్చుగా."

"అడిగారా?"

మచ్చకు అడ్డంగా పూలకుండీ పెట్టాను.

ముసలాయన వచ్చీ రాగానే ఆ కుండీనే పక్కకు జరిపాడు. మోకాళ్ళ మీద కూర్చుని బొట్టును వేలితో తడిమాడు.

"ఇదేమిటి?"

"ఇంట్లోకి వచ్చినదానికి మేం అలా స్వాగతం చెప్తాం అంకుల్," అంది మా ఆవిడ.

"మా అమ్మాయి దీనికి తెల్ల పెయింట్ వేద్దామంది," అన్నాడు. వేలు కాస్త పక్కకు జరిగింది. "మరి ఈ తెల్ల మచ్చతో ఏం చెప్తారు?"

ఆవిడ నావైపు చూసిందంతే. పదమూడేళ్ళ కాపురంలో ఆవిడ ఇంత క్లుప్తంగా జవాబివ్వడం అదే మొదటిసారి.

ఆయన లేచి కారులోంచి నూనె సీసా, గరుకు కాగితం, మెత్తటి గుడ్డ తెచ్చాడు. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని చెక్క చారల వెంబడే ఎలా రుద్దాలో, నూనె ఎంత పట్టించాలో చూపించాడు. నన్ను టీ పెట్టమన్నారు.

వెళ్తూ వెళ్తూ, రెండోది వచ్చే శనివారం తీసుకెళ్ళమన్నాడు. ఆ మాట ఆవిడతో అన్నాడు.

"మరి ఈయన్నేం చేయమంటారు?" అని అడిగింది.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"మోయడానికి పనికొస్తాడు," అన్నాడు.