తాళం కన్నంలో తీర్థం

రాజాంలో మా ఇంటి ముందు భాగమంతా షెడ్డే. బావ కార్లకీ ఆటోలకీ వైరింగు పని చేస్తాడు. బావ అంటే మా మేనమామ కొడుకు, నన్ను కట్టుకున్నవాడు. పాతికేళ్ళు దాటినా నా నోట ఆ పిలుపు మారలేదు. వంటగది కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది కాబట్టి పొయ్యి మీద పప్పు సంగతీ, కింద బండి సంగతీ నాకు ఒక్కచోటి నుంచే తెలుస్తుంటాయి.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు తరచూ మూర్ఛ వచ్చేది. గజపతినగరం పక్క మా ఊళ్ళో అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి, చేటలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించింది. నాయన కోవెల్లో దీపం పెట్టేవాడు. పొద్దున్న లేవగానే, నిన్న ఎవరి వల్ల మనకు మేలు జరిగిందో తలచుకుని దండం పెట్టుకోమనేవాడు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. కరెంటు సంగతి మాత్రం పెళ్ళయ్యాక బావ నేర్పాడు. అతనికి దగ్గర చూపు తగ్గాక సన్న వైర్ల రంగులు చూసి చెప్పేది నేనే.

బాగుపడి వెళ్ళే ప్రతి బండికీ నేను బొట్టు పెడతాను. స్టీరింగుకీ, తాళం పెట్టే చోటా పసుపూ కుంకుమా పెట్టి, ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఉద్ధరిణితో తీసి కాస్త చిలకరిస్తాను. వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి చేరాలని. "నా పనికి కాదే, నీ పసుపుకి వస్తన్నారు జనం" అని బావ ఎగతాళి చేసేవాడు. నాకు లోపల గర్వంగానే ఉండేది. ఆ మాట ఇక్కడ దాచను.

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం మా షెడ్డు నుంచి ఒక స్పోర్ట్స్ కారు వెళ్ళింది. ఊరి చివర రైసుమిల్లు ఉన్న కుర్రాయన దాన్ని విశాఖపట్నంలో ఎవరి దగ్గరో పాతది కొనుక్కున్నాడు. పసుపుపచ్చ రంగు, రెండే సీట్లు. ఎంత కిందికి ఉంటుందంటే అందులో కూర్చోవడం పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది. హెడ్‌లైట్లు ఉండుండి ఆరిపోతున్నాయని తెచ్చాడు. బావ లైట్లకి కరెంటు అందించే రిలే ఒకటి మార్చి, రెండు జాయింట్లు కొత్తగా వేసి టేపు చుట్టాడు. సాయంత్రానికి పని అయిపోయింది.

పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. స్టీరింగు దగ్గర తాళం కన్నం కనిపించలేదు. వెతికితే రెండు సీట్ల మధ్య, గేరు పక్కన ఉంది. అన్ని కార్లలోలా మన వైపు తిరిగి లేదు, ఆకాశం వైపు చూస్తోంది. చుట్టూ ఉన్న రింగు చిన్న దీపపు కుందిలా ఉంది. దేవుడు నాకోసమే అలా చేయించాడనిపించింది. పసుపు పెట్టాను, కుంకుమ పెట్టాను. ఎప్పుడూ బయట చిలకరించే నీళ్ళని ఆరోజు ఉద్ధరిణి నిండా తీసి అందులో పోశాను. ఒక్క చుక్క కూడా పక్కకి పోకుండా లోపలికి దిగిపోయింది. తీర్థం లోపలికంటా అందిందని సంతోషించాను.

నెల తిరక్కుండా ఆ కారు లారీ మీద తిరిగొచ్చింది.

మిల్లాయన ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు, ఆరోజు నవ్వలేదు. భార్యకి ఏడో నెల. ఆమెను విశాఖలో డాక్టరుకి చూపించి తిరిగి వస్తూంటే, భోగాపురం దాటాక హైవే మీద ఇంజను ఒక్కసారిగా ఆగిపోయిందట. స్టీరింగు బిగుసుకుపోయిందట. వెనక ఇసుక లారీ. ఆ డ్రైవరు ఎలా ఆపాడోగానీ, లారీ బంపరు తమ అద్దంలో నిండా కనిపించిందని చెప్పాడు. తర్వాత బావ వైపు తిరిగి అన్నాడు.

"మేస్త్రీ, మా ఇంటిది కడుపుతో ఉన్నాది. నీ సెయ్యి పడకముందు లైట్లే ఆరేవి. నీ సెయ్యి పడ్డాక బండే సచ్చిపోయినాది."

బావ చేతులు తుడుచుకుంటున్నాడు, అప్పటికింకా దేన్నీ ముట్టుకోకపోయినా. మిల్లాయన ఆ మాట మా దగ్గరే అని ఊరుకోలేదు. ధాన్యం మార్కెట్లో, టీ కొట్టు దగ్గర, ఎవరడిగితే వాళ్ళకి చెప్పాడు. మర్నాడు రావలసిన రెండు ఆటోలు రాలేదు.

కారు వచ్చిన మధ్యాహ్నమే పని మొదలుపెట్టాం. బావ కింద పడుకున్నాడు, నేను సీట్లో కూర్చుని తాళం పెట్టాను. తిప్పగానే చేతికి ఏదో తగిలింది. పాకం చల్లారాక గరిటె తిప్పితే ఎలా పట్టేస్తుందో అలా పట్టి, వదిలింది. డాష్‌బోర్డు దీపాలు వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగాయి. బావ ఆపమన్నాడు. తాళం బయటకి తీశాను. దాని పళ్ళ సందుల్లో పసుపు ఉంది.

నాకు అప్పుడే అర్థమైంది. తాళాన్ని కొంగుతో తుడిచేశాను.

ఎందుకు తుడిచానో చాలాసార్లు ఆలోచించాను. దేవుడి మీద మాట రాకూడదని అనుకున్నానని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. నా మీద మాట రాకూడదని.

"ఏటే, ఏటైనాది?" అన్నాడు బావ కిందనుంచి.

"ఏట్లేదు బావా. కూసింత బిగువుగా ఉన్నాది."

ఆ తర్వాత రెండు రోజులు అతను తన పనినే తవ్వుకున్నాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. ఎర్తు వైరు విప్పి గీకి మళ్ళీ బిగించాడు. తను వేసిన రిలే తీసి ఇంకొకటి పెట్టాడు. తను చుట్టిన టేపు విప్పాడు, జాయింటు చూశాడు, మళ్ళీ చుట్టాడు. గంట పోయాక అదే టేపు మళ్ళీ విప్పాడు. ప్రతిసారీ నేను తాళం తిప్పుతున్నాను. ఒకసారి ఇంజను అందుకునేది, ఒకసారి అందుకునేది కాదు. అందుకున్నప్పుడు బావ మొహంలో ఆశ, ఆగిపోగానే అది పోవడం, రెండూ సీట్లోంచి నాకు కనిపిస్తూనే ఉండేవి. తాళం దగ్గర చూడమని చెప్పడానికి నోరు తెరిచి, వంట పేరు చెప్పి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

రెండో రోజు అన్నం దగ్గర కూర్చుని తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. "సూపు పోయినాది, ఇప్పుడు సెయ్యి కూడా పోయినాదే. ఇంక షెడ్డు తీసేద్దారి" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. ధర చెప్పినట్టు మామూలుగా అన్నాడు. పదిహేనేళ్ళ వయసు నుంచి పట్టుకున్న పని అది.

మూడో రోజు పొద్దున్న దేవుడి దగ్గర కూర్చున్నాను. ఎవరి వల్ల మేలు జరిగిందో తలచుకోవాలి కదా. ముందుగా ఆ లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. అతని మొహం నేను ఎరగను. అతని కాలు బ్రేకు మీద ఒక్క క్షణం ఆలస్యంగా పడి ఉంటే, నా ఉద్ధరిణెడు నీళ్ళకి రెండు నిండు ప్రాణాలూ, కళ్ళు తెరవని ఒక పసిప్రాణమూ పోయేవి. అతనికి దండం పెట్టుకున్నాను. తర్వాత బావని తలచుకోబోతే చేతులు కలవలేదు. దీపం వెలిగించకుండానే లేచి షెడ్డులోకి వెళ్ళాను.

అతను మళ్ళీ అదే టేపు విప్పుతున్నాడు.

"బావా, అది వొగ్గీ. తప్పు నీ జాయింటుది కాదు. నానే తాళం కన్నంలో కొబ్బరినీళ్ళు పోసినాను."

అతను నా వైపు చూసి, కరెంటు అందుతోందో లేదో చూపే టెస్ట్ ల్యాంపు తీసుకున్నాడు. ఒక కొస కారు బాడీకి తగిలించి, సూది ఉన్న కొస నాకిచ్చాడు. సీట్ల మధ్య పెట్టె విప్పితే తాళం కింద, వేలెడు లోతులో అసలు స్విచ్చి ఉంది. బ్యాటరీ నుంచి లోపలికి వచ్చే ఎర్ర వైరు మీద సూది పెట్టాను. దీపం నిలకడగా వెలిగింది. బయటికి పోయే వైరు మీద పెట్టి తాళం తిప్పాను. వెలిగింది. బావ తాళాన్ని వేలితో కొద్దిగా కదిపాడు. ఆరింది. మళ్ళీ కదిపితే వెలిగింది. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా లోపల జరిగేది అదే.

స్విచ్చి ఊడదీసి గుడ్డ మీద పెట్టి విప్పాడు. రాగి రేకులు పాత ఇత్తడి చెంబులా పచ్చగా చిలుమెక్కాయి. వాటి మధ్య పసుపూ కుంకుమా జిగురుగా కలిసి ముద్దకట్టాయి. చూపు తగ్గిందన్న మనిషికి అది కళ్ళజోడు లేకుండానే కనిపించింది.

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"మొదట్రోజే. తాళం తీసినప్పుడు."

ఆ రేకుల మీదికి గుడ్డ మడిచాడు. తర్వాత అన్నాడు.

"నీళ్ళు పోసినావు సరే. తెలవక పోసినావు. రెండ్రోజులు నాను నన్నే తిట్టుకుంటా ఉంటే, నువ్వు పైన కూసుని తాళం తిప్పినావే."

 

ఆ స్విచ్చిని పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయడానికి బావ ఒప్పుకోలేదు. కొత్తది విశాఖలో స్పేర్ పార్టుల కొట్టు కుర్రాళ్ళ ద్వారా తెప్పించేసరికి వారం పట్టింది. బిగించాక నేను తాళం తిప్పితే మొదటిసారికే ఇంజను అందుకుంది. బావ తాళాన్ని అటూ ఇటూ కదిపాడు, కారుని ఊపాడు, గతుకుల సందులో నాలుగుసార్లు తిప్పి తెచ్చాడు. ఆగలేదు.

మిల్లాయన వచ్చాడు. పాత స్విచ్చి అరిగిపోయిందని బావ చెప్పబోయాడు. నన్ను కాయడానికే. నేను గుడ్డ విప్పి ఆ రేకులు ఆయన ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను, రెండు రోజులు దాచిన మాటతో సహా. తప్పు మేస్త్రీది కాదని మార్కెట్లో కూడా చెప్పమని అడిగాను.

ఆయన ఆ పచ్చటి ముద్దని గోటితో గీకి చూశాడు.

"కారుకి దాహమేసినాదనుకున్నావేటి అప్పా" అన్నాడు నా వైపు చూసి. నవ్వు సగంలో ఆగింది. భార్య గుర్తొచ్చిందేమో. బావ వైపు తిరిగాడు. "నూరుమందికి సెప్పీసినాను మేస్త్రీ. ఇప్పుడు ఆ నూరుమందినీ నానెక్కడ పట్టుకోను."

బావ ఫర్వాలేదన్నాడు. మిల్లాయన బొట్టు అడగలేదు. నేనూ పళ్ళెం తేలేదు. కారు సందు మలుపు తిరిగేదాకా మేమిద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం.

ఆయన కొందరికి చెప్పాడనే విన్నాను. ఆటోలు ఒక్కొక్కటే మళ్ళీ వచ్చాయి. ఆయన భార్యకి కాన్పు తేలికగా జరిగి పాప పుట్టింది. ఆ వార్త విన్నరోజు నేను ఎంతసేపు దండం పెట్టానో నాకే తెలీదు. ఆ లారీ డ్రైవరు రోజూ నా దండాల్లో ఉంటాడు. షెడ్డు మూసేద్దామన్న మాట బావ మళ్ళీ ఎత్తలేదు.

అయితే ఒకప్పుడు ఒక జాయింటు వేసి టేపు చుట్టి చెయ్యి దులుపుకుని లేచే మనిషి, ఇప్పుడు బండి వెళ్ళేముందు ఆ టేపు ఒకసారి విప్పి చూస్తాడు. తనకి తెలీకుండానే చేస్తాడనుకుంటాను. అలా విప్పినప్పుడల్లా నేను వంటగదిలో ఏ పనిలో ఉంటే ఆ పని ఆపేస్తాను.

బొట్లు మానలేదు. ఇప్పుడు బయట, ముందు అద్దం కింద రేకు మీద పెడతాను. మొన్న ఒక ఆటో వెళ్తుంటే దానికీ రేకు మీద పసుపు రాయబోతే నా వేలు అలవాటుగా లోపలి తాళం వైపు జరిగింది. బావ చేతిలో టేపు చుట్ట పట్టుకుని, నా వేలు బయటికి వచ్చేదాకా చూస్తూ నిలబడ్డాడు.